తొమ్మిదో నిమిషంలో సాక్సఫోన్

ఆర్మూర్‌లో పసుపు సీజను నడిచినన్నాళ్లూ ప్రభుదాస్ ఇంటి కిటికీలు తెరుచుకోవు. పక్కనే నర్సయ్య షెడ్డు. అందులో పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే ఇనుప డ్రమ్ము పొద్దంతా గడగడా తిరుగుతూ దుమ్ము చిమ్ముతుంది. రెండు రోజుల కిందట దాని మోటారు కాలిపోయి, మరమ్మతుకు నిజామాబాద్ వెళ్లింది. రిటైరైన లెక్చరర్ ప్రభుదాస్‌కు అది దైవానుగ్రహంగా తోచింది. ఎందుకంటే, అతను రెండేళ్లుగా ఎదురుచూస్తున్న ఆధ్యాత్మిక జాజ్ బృందం కొత్త సింగిల్ పాట ఆ ఉదయమే విడుదలైంది. నిడివి పదిహేడు నిమిషాలు. సాక్సఫోన్ తొమ్మిదో నిమిషంలోగాని ప్రవేశించదనీ, మొదటి నుంచి ఆపకుండా వినాలనీ బృందం విన్నవించుకుంది. మధ్యాహ్నానికి మోటారు తిరిగి వస్తుంది. ఈలోగా వినెయ్యాలి.

పెద్ద స్పీకర్లు పెట్టి ప్రభుదాస్ కళ్లు మూసుకున్నాడు. పాట మొదలైంది. ఇనుప పీపాలో రాళ్లు దొర్లుతున్న చప్పుడు. గడగడా, గడగడా.

నాలుగో నిమిషంలో తలుపు దబదబా మోగింది. భీమ్‌గల్ నుంచి ట్రాక్టరు నిండా పసుపు తెచ్చి, రెండు రోజులుగా వీధిలో కాచుకొని కూర్చున్న రత్నవ్వ.

"సారూ, నర్సయ్య షెడ్డుకు తాళమేసి లోపట దొంగతనంగ ఎవనిదో పాలిష్ వడుతుండు. జర మీ గోడ మీదికెల్లి చూడుండ్రి!"

ప్రభుదాస్ పాట ఆపి, గోడ మీదుగా తొంగి చూశాడు. "డ్రమ్ము తిరుగుతలేదమ్మా." తాను విన్న దివ్యనాదానికీ ఆ డ్రమ్ముకూ పోలిక ఉంటుందన్న ఆలోచనే అతనికి రాలేదు.

"గిప్పుడే ఆపిండు, బద్మాష్!"

తెగిన పాటను మధ్యలోంచి వినడానికి ప్రభుదాస్ నియమం ఒప్పుకోదు. మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. గడగడ వినగానే రత్నవ్వ, ఊరి చివర ఆగివున్న భీమ్‌గల్ రైతులకు ఫోన్ చేసింది. "డ్రమ్ము షురువైంది, మిగిలిన బండ్లు గూడ తోలుండ్రి!" వచ్చిపడ్డ ట్రాక్టర్ల హారన్ల మోత భరించలేక పాట ఆపి, అతను మూడోసారి మొదలుపెట్టేసరికి వీధిలో పదకొండు ట్రాక్టర్లు నిలిచాయి.

సరిగ్గా అప్పుడే నర్సయ్య వచ్చాడు. ఆటోలో మోటారు, చెవుల్లో డ్రమ్ము! పరుగున షెడ్డు తెరిచాడు. డ్రమ్ము కదలడం లేదు. చప్పుడు ఆగడం లేదు. అందరి చూపులూ ప్రభుదాస్ తలుపు మీదికి తిరిగాయి.

"ఇంట్ల డ్రమ్ము వెట్టిండ్రా సారూ? నా పొట్ట గొడ్తరా?"

"ఇది జాజ్, నర్సయ్యా! ఆధ్యాత్మికం!"

"గీ సప్పుడు నాకెరుక లేదా? మీ డ్రమ్ముకు బేరింగ్ గూడ పోయింది, చెప్తున్న."

"తొమ్మిదో నిమిషం దాకా కూసోండ్రి. సన్నాయి లెక్క ఒకటొస్తది. అప్పుడు నమ్ముండ్రి."

పద్నాలుగు మంది అతని గదిలో నేల మీద కూర్చున్నారు. నర్సయ్య మాత్రం విసురుగా మోటారు బిగించడానికి వెళ్లాడు. పాట నాలుగోసారి మొదలైంది. తొమ్మిదో నిమిషం దగ్గరపడగానే ప్రభుదాస్ వేలెత్తాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. అంతలో పక్క షెడ్డులో అసలు డ్రమ్ము గర్జించింది. "నా నంబరు ముందు!" "కాదు, నాది!" అంటూ గది ఖాళీ అయింది. సాక్సఫోన్ వచ్చిందో లేదో ప్రభుదాస్‌కు సైతం వినబడలేదు.

స్పీకర్లు కట్టేసి కూలబడ్డాడు. కాసేపటికి పక్కనుంచి రత్నవ్వ గొంతు డ్రమ్మును మించి లేచింది.

"నర్సయ్యా, తొమ్మిది నిమిషాలు దాటింది. సన్నాయి ఏదిరా? గా సన్నాయి వచ్చేదాక నా పసుపు దియ్యనియ్య!"

ఆర్మూర్‌లో తనకు తోడు మరో శ్రోత దొరికిందన్న ఉద్వేగంలో ప్రభుదాస్ కిటికీ బార్లా తెరిచాడు.

నిమిషంలో స్పీకర్లు రెండూ పచ్చబడ్డాయి.