ఉన్ని దువ్వినవాడి భార్యకు ఒక ఇల్లు

దానం చేయడానికి మంచి మనసు చాలు. దాన్ని పుచ్చుకోవడానికి మాత్రం న్యాయసలహా కావాలి. ఇంగ్లండులో ఇది చట్టం కాదు, అంతకంటే గట్టిదైన ఆనవాయితీ.

థార్న్‌బెక్ పట్టణంలో 1702లో ఒక ఉన్ని వ్యాపారి కన్నుమూస్తూ, తన చిన్న ఇంటిని “ఉన్ని దువ్వేవాడి పేద వితంతువుకు” ఉచితంగా ఇమ్మని ట్రస్టు రాసిపోయాడు. ఊళ్లో ఉన్ని దువ్వే ఆఖరి మనిషి పోయి నూట యాభై ఏళ్లయింది. (ఆయన భార్య ముందే పోయింది. ఆమెకు సకాలంలో సలహా అందలేదు.)

ఇల్లు ఖాళీ. ఎదురుగా చెమ్మ గోడల గదిలో విన్నీ ఆడీ దగ్గుతోంది. ఎనభై ఏళ్ల మనిషి, బస్సు డ్రైవరు వితంతువు. ట్రస్టు కార్యదర్శి మేవిస్ హోల్రాయిడ్ ఆ దగ్గు విని విని ఇక ఊరుకోలేకపోయింది.

“చలి ముదరకముందే విన్నీకి తాళంచెవి ఇచ్చేద్దామండీ,” అంది లాయరు లాంగ్‌స్టాఫ్ గారితో.

“అయ్యయ్యో! దాత నమ్మకాన్ని వమ్ము చేసినట్టవుతుందమ్మా.”

“బస్సు తోలినాయనా కష్టజీవేగా?”

“కష్టజీవే. కానీ ఏమీ దువ్వలేదు కదా.”

దాత కోరిక తీర్చే వీల్లేనప్పుడు, దానికి అతి దగ్గరి కోరిక ఏదో కోర్టు తేల్చాలట. కోర్టుకెక్కాలంటే ధర్మసంస్థల పర్యవేక్షకుడి అనుమతి కావాలి. అనుమతి అడగవచ్చా అన్నదానికి పెద్ద లాయరు అభిప్రాయం కావాలి. అడగవచ్చునని ఆయన ఇరవై రెండు పేజీల్లో సెలవిచ్చాడు. (ఇరవై మూడో పేజీలో, పైదంతా సలహాగా భావించరాదని ఉంది.) ఇంతలో రెండు చలికాలాలు గడిచాయి. విన్నీ రెండింటినీ దగ్గుతూనే దాటింది.

విచారణకు, దువ్వడంలో నిపుణుడైన సాక్షిగా ఊరి మంగలి సెడ్రిక్ అక్రాయిడ్‌ను పిలిపించారు. ఎనభై ఒక్కేళ్ల బ్రహ్మచారి. వాయిదా పడ్డప్పుడల్లా ఆయనా విన్నీ కోర్టు వరండా బల్ల మీద కూర్చుని గుడ్డు శాండ్‌విచ్ పంచుకునేవారు. వాయిదాలు పదకొండు పడ్డాయి.

చివరికి జడ్జిగారు తీర్పిచ్చారు: ఉన్ని అనగా గొర్రె జుట్టు. దాన్ని దువ్వేవాడికి అతి దగ్గరివాడు మంగలి. కావున ఇకమీదట ఆ ఇల్లు మంగలి వితంతువుకు చెందును.

మేవిస్ మొహం మాడిపోయింది. ఆ కబురు చెప్పడానికి విన్నీ గదికి వెళితే, విన్నీ పెట్టె సర్దుకుంటోంది.

“ఎక్కడికమ్మా?”

“సెడ్రిక్ దగ్గరికి. శనివారం పెళ్లి, పిల్లా. షాపు మీద గది వెచ్చగా ఉంటుంది. మనిషి కూడా పర్లేదులే.”

మేవిస్ ఏడుస్తూ నవ్వింది. ఇంత సంతోషం ఆమెకు ఏళ్ల తరబడి కలగలేదు. ఆ సంతోషంలోనే జరిగింది జరిగినట్టు ఉత్తరం రాసి లాయరుకు పంపింది.

లాంగ్‌స్టాఫ్ గారి జవాబు మర్నాడే వచ్చింది: “శుభవార్త. కాబోయే శ్రీమతి అక్రాయిడ్ దరఖాస్తులో ఇప్పుడు ఒక్క లోపమే మిగిలింది. అది కాలక్రమేణా దానంతటదే తీరుతుంది. భర్త ఆరోగ్యం గురించి ట్రస్టీలు వాకబు చేయడం మర్యాద కాదు. మూడు నెలలకోసారి మా కార్యాలయమే వాకబు చేస్తుంది.”