మడుగు పద్యానికి వన్స్ మోర్

అడవి పెద్దదే గానీ అందులో మంచినీళ్ల మడుగు మాత్రం ఒక్కటే ఉండేది. ఆ ఏడు ఎండలు ముదిరే వేళకి రాజుగారైన సింహం ఇంటికి బావమరిది దిగబడ్డాడు. తను జలకాలాడే మడుగులో అడ్డమైనవాళ్లూ మూతి పెట్టకూడదన్నాడు. బావమరిది మాట కాదనే రాజు ఏ అడవిలోనూ లేడు. మర్నాటికల్లా ఒడ్డు చుట్టూ దుమ్ములగొండ్లు కాపలా కూర్చున్నారు.

మాలచ్చి అనే దుప్పికి ఇంకా పాలు మరవని పిల్ల ఉంది. దాని పేరు చుక్క. మడుగు పోయాక తల్లీపిల్లా నీళ్ల కోసం లోయలోని వాగుకి నడవాల్సి వచ్చింది. ఆ దారిలో చిరుతపులి కాపురం. వెళ్లి వచ్చిన ప్రతిసారీ మాలచ్చి చుక్కని తల నుంచి తోక దాకా నాకి చూసుకునేది, అంతా ఉందో లేదోనని.

రాజుగారు కష్టాలు వినే సభ వేసవిలో ఒక్కసారే పెడతాడు. పొద్దు కొండ వెనక్కి జారేదాకా వింటాడు, జారాక లేస్తాడు. మళ్లీ సభ వానలయ్యాకే. నిండా వానలు కురిశాక ఎవడైనా దాహం గురించి చెప్పుకోవచ్చు, రాజుగారికి అభ్యంతరం లేదు.

మన తరఫున ఎవరు మాట్లాడాలని జంతువులన్నీ కూడబలుక్కున్నాయి.

"నేను మాట్లాడతాను," అన్నాడు అడవిపంది గంగులు. "మడుగు వదలండి, పిల్లలు దాహంతో చస్తున్నారు అంటాను. అంతేగా చెప్పాల్సింది?"

గంగులు గొంతు రాతి మీద రేకు ఈడ్చినట్టుంటుంది. అందరూ మొహాలు చిట్లించారు.

"ఏమనుకోకు మావా," అంది మాలచ్చి. "నీ గొంతు వింటే రాజుగారు చెవులు మూసుకుంటారు."

అప్పుడు వీరభద్రం లేచాడు. ఆయన ఎలుగుబంటి. నాటకాల్లో రాజు వేషం, బయట ప్రజానాయకత్వం, రెండింటికీ ఒకటే కండువా. ఉపన్యాసంలో మాట తడబడితే పద్యం ఎత్తుకునేవాడు, నాటకంలో పద్యం మర్చిపోతే నినాదం ఇచ్చేవాడు. రెండు చోట్లా చప్పట్లు పడేవి గనక రెండూ ఒకటేనని ఆయన గట్టి నమ్మకం.

"ఉద్యమానికి కళ ప్రాణం, కళకి ఉద్యమం ఊపిరి," అన్నాడు వీరభద్రం.

"ప్రాణానికీ ఊపిరికీ తేడా ఏంటి?" అన్నాడు గంగులు. అలాంటి ప్రశ్నలు అడిగేవాణ్ణి నాయకుణ్ణి చెయ్యరు.

"చూడమ్మా మాలచ్చీ, అడుక్కుంటే విసుక్కుంటారు, పాడితే కరుగుతారు. ముందు పద్యాలు పాడతాను. రాజుగారి గుండె కరిగి నీరవుతుంది. అప్పుడు చివర్లో, ఒక్క మాటలో, మడుగు అడుగుతాను."

మాలచ్చికి ఆ మాట నచ్చింది. అందరికీ నచ్చింది.

సభ రోజు మంత్రి నక్క మాలచ్చిని పక్కకి పిలిచాడు. మంచివాడని కాదు, సభ తొందరగా అయిపోతే ఇంటికెళ్లి పడుకోవచ్చని.

"పొద్దున్నే బావా బావమరిదీ మాంసం దగ్గర చెడ్డారు," అన్నాడు. "రాజుగారు మండిపోతున్నారు. ఇవాళ మడుగు అడిగినవాళ్లదే. గబుక్కున అడిగెయ్యమనండి."

మాలచ్చి పరుగున వెళ్లి ఆ మాట చెప్పింది. వీరభద్రం నెమలీకల కిరీటం సర్దుకుంటున్నాడు.

"గబుక్కున అన్న మాట కళలో లేదమ్మా," అన్నాడు.

కీచురాయి శ్రుతి పట్టింది, వడ్రంగిపిట్ట తాళం వేసింది. వీరభద్రం మొదటి పద్యం ఎత్తుకున్నాడు. ఎండిన అడవి మీద పద్యం. చివర రాగం తీస్తూ తీస్తూ పోయాడు. చెప్పుకోవాలి, అద్భుతంగా పాడాడు. రాజుగారు కళ్లొత్తుకున్నాడు.

"బాగుందయ్యా. ఇంతకీ మీకేం కావాలి?"

వీరభద్రం నోరు తెరిచాడు. ఆ క్షణాన వెనక నుంచి కుందేళ్లు అరిచాయి, "వన్స్ మోర్!"

నాటకాల వాళ్లు ఈ రెండు మాటలు విన్నాక దేవుడు అడ్డొచ్చినా ఆగరు. వీరభద్రం కళ్లు అరమూసి, గుండె మీద చెయ్యి వేసుకుని వంగి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మాలచ్చి వెనక్కి తిరిగి కుందేళ్ల వంక గుర్రుగా చూసింది.

రెండో పద్యం నాలుక పిడచగట్టి అమ్మా అని పిలిచే పిల్ల మీద. మాలచ్చి ఒళ్లు ఝల్లుమంది. అది తన చుక్కే. తన కష్టాన్ని ఇంత అందంగా ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. తనకే తెలియలేదు అది ఇంత అందమైన కష్టమని.

"అడుగు నాయనా," అన్నాడు రాజుగారు. "పొద్దు వాలుతోంది. ఏం కావాలో అడుగు."

"వన్స్ మోర్!" అని గిట్టలతో నేల దద్దరిల్లేలా కొట్టి అరిచారెవరో. ఆ అరిచింది తనేనని మాలచ్చికి కాసేపటికి గానీ తెలియలేదు.

రెండో పద్యం రెండోసారి ముగిసేసరికి పొద్దు కొండ వెనక్కి జారింది.

"కాబట్టి ప్రభూ..." అన్నాడు వీరభద్రం.

"సభ ముగిసింది," అన్నాడు మంత్రి నక్క.

రాజుగారు ఎవరి కష్టమూ ఊరికే ఉంచుకునేవాడు కాదు. వీరభద్రానికి శాలువా కప్పాడు, గానభల్లూక బిరుదిచ్చాడు, కొలువులో ఆసనం వేయించాడు, మడుగు ఒడ్డునే విడిది ఇప్పించాడు. జంతువులు పంజాలు మండేదాకా చప్పట్లు కొట్టాయి.

"మనవాడు లోపలికెళ్లాడు," అనుకున్నారంతా.

"మనమింకా బయటే ఉన్నాం," అన్నాడు గంగులు.

"లోపలి నుంచి పోరాడతానమ్మా," అని వీరభద్రం మాలచ్చికి మాటిచ్చాడు. మీసాల మీద తడి ఇంకా ఆరలేదు. మడుగు నీళ్లే.

మాలచ్చి చుక్కని తీసుకుని మళ్లీ వాగు దారి పట్టింది. వెళ్లేటప్పుడు ఇద్దరు, వచ్చేటప్పుడు ఒక్కతే. చిరుత ఆకలి ముందు ఏ పద్యమూ అడ్డు నిలబడలేదు.

వీరభద్రం హుటాహుటిన పరామర్శకి వచ్చాడు. "నీ దుఃఖాన్ని వృథాగా పోనివ్వనమ్మా," అన్నాడు. అన్నట్టే పోనివ్వలేదు. కొత్త నాటకం కట్టి మడుగు ఒడ్డునే ఆడించాడు. నీళ్లు ముట్టుకోకుండా ఉండే షరతు మీద దుమ్ములగొండ్లు అందరినీ కూర్చోనిచ్చారు. మాలచ్చిని ముందు వరసలో కూర్చోబెట్టారు.

చుక్క చనిపోయే పద్యం వచ్చింది. అడవి అడవంతా వెక్కి వెక్కి ఏడ్చింది. "వన్స్ మోర్" అన్నారు. చుక్క రెండోసారి చచ్చిపోయింది. మళ్లీ అన్నారు. మూడోసారి చచ్చిపోయేటప్పుడు వెనక వరసలో చిరుత కూడా కళ్లు తుడుచుకున్నాడు.

మాలచ్చి లేచి నిలబడింది. ఏడ్చి ఏడ్చి గొంతు అచ్చం గంగులు గొంతులా అయిపోయింది.

"నీళ్లు," అంది. "మాకు నీళ్లు కావాలి."

వెనకున్న కుందేలు చిరాగ్గా ఆమె తోక పట్టి లాగింది.

"కూర్చో మాలచ్చక్కా. ఆ పిల్ల తల్లి ఏడ్చే ఘట్టం వస్తోంది, అడ్డం లేస్తావేంటి?"

నీతి లేనిదే కథ ఒంటబట్టని వాళ్ల కోసం: మీ గోడు చెప్పడానికి ఎప్పుడూ గొంతు బాగోలేనివాణ్ణే పంపండి, వాణ్ణి రెండోసారి వినడం ఇష్టంలేకైనా మొదటిసారే పని చేసిపెడతారు.