నోరీన్ ఎడమచేతి పంతం

ఆదివారం పొద్దున్నే నోరీన్ హాడ్రిక్ వేసుకున్న పథకంలో పెద్దగా చిక్కులేమీ లేవు. గొర్రెమాంసం ఓవెన్‌లో సన్నసెగన పెట్టాలి. షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి కొత్త రైఫిల్ అందుకోవాలి. దాంతో ఆడపడుచు కోరలీని రెండు ఊళ్ళవాళ్ళ ముందూ ఓడించాలి. మాంసం ఉడికేవేళకి ఇంటికొచ్చేయాలి.

టమాటా డబ్బా దగ్గరే వేలు తెగింది.

"ఈ ఓపెనర్ కనిపెట్టినవాడు ఏ నరకంలో ఉన్నాడో గాని, వాడిచేత అంట్లన్నీ ఎడమచేత్తో తోమిస్తుండాలి!"

"ఇలా ఇవ్వు, నేను తీస్తాను," అన్నాడు మొగుడు క్లెమ్.

"నువ్వు తీస్తే నా కోపం తగ్గుతుందా?"

క్లెమ్ నిజాయితీగా ఆలోచించాడు. "తగ్గదు," అని ఒప్పుకుని, టోస్ట్ పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

ప్రపంచం కుడిచేతివాళ్ళ సొత్తని నోరీన్‌కి బడిలో చేరినప్పుడే తెలిసింది. కత్తెరలు, ఉన్ని తీసే మర, బ్యాంకులో గొలుసుకు కట్టిన పెన్ను, అన్నీ వాళ్ళవే. వాటిని ఎలాగో భరించింది. భరించలేకపోయింది మామగారి రైఫిల్‌ని. కోడలి గురికి మురిసిపోయి, కన్నకూతురు కోరలీని కాదని, ఆయన దాన్ని నోరీన్ చేతిలో పెట్టారు. పేల్చిన ప్రతిసారీ వెనక్కి లాగి ఖాళీ గుల్లని బయటికి తోసే కడ్డీ, అదే బోల్ట్, దానికి కుడివైపు. చెంప ఆనడానికి చెక్కమీద ఉన్న ఉబ్బు కుడిచేతి మనిషి చెంపకి. నోరీన్ ఎడమ భుజానికి ఆనించి పేల్చిన ప్రతిసారీ ఖాళీ ఇత్తడి గుల్ల సెగలు కక్కుతూ ఎగిరొచ్చి ఆమె కుడి ముంజేతిమీద పడేది. ఆ మచ్చలు చూపించి, "ఇవి మీవాళ్ళు పెట్టిన నగలు," అనేది క్లెమ్‌తో.

కోరలీ పక్క ఊరు డన్మూరాలో కాపురముంటూ ఆ ఊరి క్లబ్బు తరఫున పోటీ చేస్తుంది. రైఫిల్ ముందుభాగం స్టాండుమీద, వెనకభాగం ఇసుక సంచిమీద పెట్టి, బోర్లా పడుకుని, ఎనిమిది వందల మీటర్ల అవతల ఉన్న టార్గెట్ కొట్టే పోటీ అది. పోయినేడు నోరీన్ వాళ్ళ ఊరి క్లబ్బు యాలబిన్ ఒక్క పాయింటుతో ఓడింది. ఆ పాయింటు పోగొట్టింది నోరీన్.

"మంచి ఎడమచేతి రైఫిల్ ఉంటే నా గతి ఇలా ఉండేదా?" అంది నోరీన్ ఆరోజు రేంజ్ పక్కనున్న టీ షెడ్డులో.

"వంట కుదరనమ్మ పొయ్యి వంకరందట, వదినా!" అంది కోరలీ, లామింగ్టన్ కేకు కొరుకుతూ.

షెడ్డంతా నవ్వింది. నోరీన్ కప్పు ఠకీమని బల్లమీద పెట్టింది. "వచ్చే ఏడు ఇక్కడే, ఎడమచేతి రైఫిల్‌తో నిన్ను ఓడిస్తాను. ఓడించలేకపోతే ఏడాదిపాటు రెండు క్లబ్బుల కప్పులూ నేనే కడుగుతాను. అందరూ విన్నారుగా?"

అందరూ విన్నారు. అలాంటివి ఆ షెడ్డులో ఎవరూ మర్చిపోరు.

రైఫిల్ ఎంచుకోవడానికే చలికాలమంతా పట్టింది. తుపాకుల కొట్లో కుడిచేతివాళ్ళకి గోడ నిండా రైఫిళ్ళు. ఎడమచేతివాళ్ళకి ఓ మూల రెండు, అవీ కుందేళ్ళు కొట్టేవి. "ఎడమచేతిదా? తెప్పించాలమ్మా," అనేవాడు కొట్టు యజమాని తాసోస్, ఎడమచెయ్యి ఏదో రోగమైనట్టు. దూరం కొట్టాలంటే బరువైన గొట్టం కావాలి, వేలు ఆనిస్తే చాలనే ట్రిగ్గర్ కావాలి, ఒంటికి కుదిరే చెక్క కావాలి. గొట్టం ఒకచోట దొరికితే ఎడమ బోల్ట్ ఇంకోచోట దొరికింది. చెక్క మాత్రం ఎక్కడా దొరకలేదు.

"చెక్క నేను చేసిస్తాను," అన్నాడు తాసోస్ చివరికి. "పాత రైఫిల్‌తో పడుకుని గురిపెట్టిన ఫోటో ఒకటి పంపండి. చెంప ఎక్కడ ఆనుతుందో, చెయ్యి ఎక్కడ పడుతుందో చూసి అచ్చం అలాగే చెక్కుతా."

ఫోటో తీసే పని క్లెమ్‌కి పడింది. వారం తర్వాత తాసోస్ ఫోన్ చేశాడు. "క్లెమ్, ఫోటోలో ఉన్నట్టే చెయ్యమంటావా? ఆలోచించుకునే పంపారా?"

"ఫోటోలో ఉన్నట్టే. వెంట్రుకవాసి తేడా వచ్చినా మా ఇంట్లో నేనుండను," అన్నాడు క్లెమ్.

కొత్త రైఫిల్‌కి పోలీసుల అనుమతి రాగానే నోరీన్ పాత రైఫిల్‌ని క్లబ్బుకి రాసిచ్చేసింది. "కొత్తగా చేరినవాళ్ళకి పనికొస్తుంది. దాని మొహం ఇక నాకు చూపించకండి," అంది.

ఇప్పుడు, ఈ ఆదివారం, రేంజ్‌లో చలిగాలి జెండాల్ని అటూ ఇటూ కొడుతోంది. కంచె అవతల కనోలా నూనెగింజల చేను పసుపు పూసి ఉంది. తాసోస్ పొడవాటి పెట్టెతో వచ్చేసరికి రెండు క్లబ్బులవాళ్ళూ చుట్టూ మూగారు. పెట్టె తెరవగానే ముందు బోల్ట్ కనిపించింది, ఎడమవైపు, తళతళలాడుతూ.

"చూశావా కోరలీ? ఇదీ రైఫిలంటే!"

"చూశాను వదినా. ఇంకా పేలలేదుగా."

నోరీన్ వరసలో కుడి చివర పడుకుంది. ఎడమచేతిమనిషి కాళ్ళు కుడిపక్కకి చాస్తుంది గనక ఆమె చోటు ఎప్పుడూ అదే. రైఫిల్ భుజానికి ఆనించింది. చెంప వాల్చింది. చెంప కింద ఏమీ లేదు. ఉబ్బు అవతలి పక్కనుంది. పిడి కుడి అరచేతికి అచ్చుపోసినట్టుంది, అందులో ఎడమ బొటనవేలికి చోటే లేదు. పాత రైఫిల్లో ఏ తప్పుందో అదే తప్పుని ఇందులో ఎవరో ముచ్చటగా, నునుపుగా, మెరుగుపెట్టి మరీ చెక్కారు.

అందరూ చూస్తున్నారు. లేచి చెబితే కోరలీ పొయ్యి గురించి మళ్ళీ ఏదో అంటుంది. నోరీన్ పళ్ళు బిగించి ప్రాక్టీసు గుండు పేల్చింది. బోల్ట్ లాగడానికి ఎడమచెయ్యి పిడిమీంచి తీసింది. మళ్ళీ పట్టుకునేసరికి ఇసుక సంచిమీద రైఫిల్ జరిగింది. కోపంలో సరిగ్గా చూసుకోకుండా రెండో గుండు పేల్చింది.

ఆమె టార్గెట్ చూపించే తెరమీద ఏ గుర్తూ రాలేదు. పక్కన కోరలీ తెరమీద మాత్రం నడిబొట్టులో చుక్క వెలిగింది.

"నేనింకా తూటాయే పెట్టలేదు," అంది కోరలీ, ఆశ్చర్యంగా. తర్వాత ఆమె మొహం విప్పారింది. "నాకోసం కొట్టావా వదినా? ఎంత మంచిదానివి!"

ఎంత కోపంలోనైనా రేంజ్‌లో రైఫిల్ విసిరికొట్టకూడదు. నోరీన్ బోల్ట్ తెరిచి, ఖాళీ అని చూపించి, దాన్ని మెల్లగా కింద పెట్టింది. విసిరికొట్టలేని కోపమంతా నోట్లోకి వచ్చింది.

"తాసోస్! ఎవడికోసం చేశావయ్యా దీన్ని?"

"నీకోసమేనమ్మా! ఇదిగో ఫోటో! కుడి భుజం, కుడి చెంప, ఎడమ బోల్ట్. అడిగి మరీ చేశాను!" తాసోస్ ఫోన్ తీసి అందరికీ చూపించాడు. ఫోటోలో నోరీన్ కుడి భుజానికి రైఫిల్ ఆనించి ఉంది. ఆ రైఫిల్ బోల్టు ఎడమవైపు ఉంది. పక్కన క్లెమ్ పళ్ళికిలిస్తున్నాడు.

"నేను పుట్టి బుద్ధెరిగాక కుడి భుజానికి ఆనించలేదు! ఇది నేను కాదు!"

"మొహం నీదే, నోరీన్," అన్నాడు క్లబ్బు కెప్టెన్ రోలీ పాస్కో, భయపడుతూ.

కోరలీ ఫోన్ లాక్కుని దగ్గరగా పెట్టుకుని చూసింది. "స్వెట్టర్ మీద క్లబ్బు పేరు చూడండి. అక్షరాలు తిరగబడి ఉన్నాయి. అద్దంలో బొమ్మ ఇది! అన్నయ్యా, ఏ కెమెరాతో తీశావు?"

అందరూ క్లెమ్ వైపు తిరిగారు. క్లెమ్ టోపీ తీసి చేతిలో తిప్పాడు. "మన మొహం మనకి కనబడే కెమెరా. ఇద్దరం కలిసి ఉన్న ఫోటో ఈమధ్య ఒక్కటీ లేదని... నేనూ పడతానని..."

"నువ్వూ పడ్డావు," అంది నోరీన్. "బాగా పడ్డావు. ఇక దాన్ని నువ్వే తీసుకో. నా కళ్ళముందు ఉంచకు. రోలీ! క్లబ్బు రైఫిల్ ఇలా పట్టుకురా."

"దాని మొహం చూపించొద్దన్నావుగా?"

"రోలీ!"

రోలీ పరుగెత్తాడు.

యాలబిన్‌కి ఎనిమిదో మనిషి దొరక్క ప్రతి ఏడూ క్లెమ్‌ని పెట్టుకుంటారు. అతనికి సొంత రైఫిల్ లేదు, పెళ్ళాం వంతు అయ్యాక పాతదాన్నే అరువు తీసుకునేవాడు. ఈసారి చేతిలో ఏది పడిందో దాంతోనే పడుకున్నాడు. కుడిచేతిమనిషి గనక ఉబ్బు చెంపకింద దిండులా కుదిరింది, పిడి అరచేతిలో ఒదిగింది. మొదటి గుండు నడిబొట్టు. గాలివాటం అనుకున్నారు. రెండోదీ అంతే. నాలుగోదానికి టీ షెడ్డులోవాళ్ళు కప్పులతో బయటికొచ్చారు. క్లెమ్ పూర్తిచేసేసరికి రోలీ లెక్క రెండుసార్లు చూసుకున్నాడు. ఆ స్కోరు ఆ రేంజ్‌లో అంతవరకు ఎవరూ చెయ్యలేదు.

"అన్నయ్యకేమైంది?" అంది కోరలీ, పాలిపోయి.

ఇక చివరి జత మిగిలింది, నోరీన్, కోరలీ. జెండాలు ఒక్క నిమిషం నిలకడగా ఊగాయి. ఆ గాలి మారేలోపే కొట్టాలి. ఓపెనర్‌నీ, ఫోటోనీ, తిరగబడ్డ అక్షరాల్నీ తలుచుకుంటూ నోరీన్ ఎడమచెయ్యి పిడిమీంచి కదపకుండా, కుడిచేత్తో బోల్ట్ లాగుతూ, తూటా పెడుతూ, పేలుస్తూ పోయింది. కాలే గుల్ల ముంజేతిమీద పడ్డప్పుడల్లా ఒక తిట్టు, వెంటనే ఒక గుండు. కోరలీ ప్రతిసారీ పట్టు వదిలి, బోల్ట్ లాగి, మళ్ళీ పట్టు కుదుర్చుకుంటూ ఉండగానే జెండాలు అటు తిరిగిపోయాయి.

నోరీన్ మూడు పాయింట్లతో గెలిచింది. షీల్డు యాలబిన్‌ది. అందరూ అరిచారు. రోలీ ఆమెను కావలించుకోబోయి, మొహం చూసి మానేశాడు.

"నీ స్కోరుకి ఒక్క పాయింటే తక్కువ కొట్టాను," అంది క్లెమ్‌తో. "పాతికేళ్ళుగా టార్గెట్ వెనక మట్టిగోడ తాకితే గొప్పనుకునే మనిషివి. ఎలా కొట్టావు?"

క్లెమ్ సంతోషం పట్టలేక నిజం చెప్పేశాడు. "ఇది చాలా హాయిగా ఉంది నోరీన్! ట్రిగ్గర్ మీద చెయ్యి తియ్యనే అక్కర్లేదు, బోల్ట్ పని రెండో చెయ్యి చూసుకుంటుంది. అయినా నీకు కొత్తేముంది? పెళ్ళైన దగ్గర్నుంచీ నువ్వు చేస్తున్నది ఇదేగా, తిరగేసి!"

నోరీన్ పాత రైఫిల్ వైపు చూసింది. దాని కుడి బోల్ట్ వైపు, ఇంకా పిడి పట్టుకున్నట్టే ముడుచుకుని ఉన్న తన ఎడమచేతి వైపు చూసింది. ఇన్నేళ్ళూ ఆ రైఫిల్ ఆమెకి అన్యాయం చెయ్యలేదు. అందరికంటే ఒక మెట్టు పైన కూర్చోబెట్టింది. అంత పెద్ద కోపం, అంత శ్రద్ధగా పెంచుకున్నది, ఒక్క ముక్కతో పోయింది.

"గెలిచావు వదినా," అంది కోరలీ. ఓడినవాళ్ళ మొహంలా లేదు ఆమెది. "మా నాన్న కుడిచేతి రైఫిల్‌తో గెలిచావు. అది మంచిదేనని ఇన్నాళ్ళకి ఒప్పుకున్నట్టేగా? పందెం మాత్రం ఎడమచేతి రైఫిల్‌తో ఓడించాలని."

"ఓడించిందిగా!" అన్నాడు క్లెమ్.

"ఎడమచేతి రైఫిల్‌తో నన్ను ఓడించింది నువ్వు. వదిన కాదు. అందరూ విన్నారుగా?"

అందరూ విన్నారు. రోలీ జాలిగా తల ఊపాడు. తాసోస్ అప్పటికే కారెక్కాడు.

నోరీన్ ఒక్కమాట అనలేదు. అదే అందరినీ భయపెట్టింది. ట్రేల నిండా కప్పులు పట్టుకుని షెడ్డు వెనక వంటగదిలోకి వెళ్ళింది. బయట క్లెమ్ ఒంటరిగా నిలబడ్డాడు, పెళ్ళాం మౌనాన్ని ఏం చెయ్యాలో ఎవరూ నేర్పనందువల్ల. వంటగదిలో కుళాయి తిప్పిన చప్పుడైంది.

"ఈ సింకు కట్టిన వెధవ ఎవడు?" అని కేక వినబడింది, రేకులు అదిరేలా. "గిన్నెలారబెట్టే బల్ల కుడివైపే పెట్టాలా? ఎడమచేతివాళ్ళు మనుషులు కారా?"

క్లెమ్ గుండెలనిండా గాలి పీల్చుకుని, ఎడమచేత్తో ఓ లామింగ్టన్ కేకు అందుకున్నాడు.