దస్తర్‌ఖాన్ దగ్గర మౌనవ్రతం

ఆ శుక్రవారం ఉదయం సిరాజుద్దీన్ పెట్టుకున్న పనులు రెండే: కూతురు మజీదాను హకీమ్‌కు చూపించడం, ఆ తరువాత నమాజుకు పోవడం. ఎనిమిదేళ్ల పిల్ల వారంగా ఇంట్లో అన్నం ముట్టడం లేదు.

ఎందుకని ఎవరూ అడగలేదు. తన తల్లి, మజీదా దాదీ, పోయినప్పటినుంచి సిరాజుద్దీన్ భోజనాల దగ్గర మాటలు మాన్పించాడు. మాట్లాడుతూ తింటే అరగదన్నాడు. మొఘల్‌పురాలో అరుగుదల గురించి అంత దిగులుపడ్డ మనిషి మరొకడు లేడు. అసలు సంగతి వేరు. భోజనాల గుడ్డ, దస్తర్‌ఖాన్, పరవగానే "ఇయ్యాల ఏమైంది, చెప్పు" అని ఒక్కొక్కరినీ అడగనిదే ఆ ముసలమ్మ రొట్టె పెట్టేది కాదు. ఆ ప్రశ్న ఇంకొకరి నోట వినే ధైర్యం కొడుకుకు లేదు. మెల్లగా ఇల్లంతా సైగలే మిగిలాయి.

హకీమ్ నాడి పట్టుకుని, ఒంట్లో వేడి అన్నాడు. ఇచ్చిన కషాయం పిల్ల ఇంటికి రాగానే కక్కేసింది. దిష్టి తగిలిందని తల్లి ఖైసర్ బేగం పిడికెడు ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు ఇల్లంతా ఒకటే దగ్గు. ఆ దగ్గు విని ఏదో అంటురోగం వచ్చిందని గల్లీలో తలుపులన్నీ మూసుకున్నారు. పాలవాడు చెంబు గడప బయటే వదిలి పరుగుతీశాడు.

ఎదురింటి నీలమ్మ మాత్రం తిన్నగా లోపలికి వచ్చింది. "ఏంది గీ లొల్లి? ఎవలికి రోగం?"

"మా మజీదాకు, అక్కా. ముద్ద ముడుతలేదు," అంది ఖైసర్ బేగం కళ్లు తుడుచుకుంటూ.

"ముడుతలేదా! పొద్దుగాల మా ఇంట్ల రెండు జొన్నరొట్టెలు తిన్నది. రోజూ తింటది. మీకెర్కే అనుకున్న."

సిరాజుద్దీన్ ముఖం మాడిపోయింది. "మా ఇంట్ల ఏం తక్కువైంది?"

"తక్కువేం లేదు భాయ్. మేం ఏమైంది బిడ్డా అని అడుగుతం. గంతే."

మధ్యాహ్నం ఆయన నమాజు నుంచి వచ్చాక దస్తర్‌ఖాన్ పరిచారు. ఎవరూ పళ్లెం ముట్టలేదు. సిరాజుద్దీన్ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"ఇయ్యాల... ఏమైంది, బేటీ?"

మజీదా తల ఎత్తలేదు. "దాదీ పేరు తీస్తే నువ్వు లేచి పోతవ్, అబ్బా. పోయిన వారం నేను తీస్తే గట్లనే పోయినవ్. గందుకే నీలమ్మత్తకు చెప్పుకున్న."

"ఏం చెప్పుకున్నవ్?"

"దాదీ మస్తు యాదికొస్తున్నదని."

ఆయన లేవలేదు. "నాకు గూడ వస్తున్నది, బేటీ," అని పిల్ల ముందే ఏడ్చేశాడు. తరువాత ముగ్గురూ ఆ ముసలమ్మ గురించి చెప్పుకుంటూ కూర చల్లారేదాకా కూర్చున్నారు. మజీదా మళ్లీ అన్నం వడ్డించమంది.

పిల్ల తిన్నదన్న కబురు సాయంత్రానికి హకీమ్‌కు చేరింది. కషాయం పనిచేసిందని ఆయన ఇంకో సీసా పంపాడు.