ఇంటింటా స్వచ్ఛ నీలం

జ్వానెగెమ్ మేయర్ లూడోవిక్ వాన్ హావర్ గారు టౌన్‌హాలు మెట్ల మీద నిలబడి, ప్రపంచంలో ఏ మేయరూ చేయని ప్రకటన చేశారు.

"ఇకపై మన ఊళ్లో ప్రతి పెరట్లోనూ నీలి కోడే తిరుగుతుంది! నీలి తండ్రి, నీలి తల్లి, నీలి పిల్ల! స్వచ్ఛ నీలం!"

జనం చప్పట్లు కొట్టారు. కొట్టరా మరి? ఊరికే వస్తున్నాయి కోళ్లు. వంటింటి చెత్త తిని గుడ్లు పెడతాయని బెల్జియంలోని మా ఫ్లాండర్స్‌లో మునిసిపాలిటీలు ఇంటింటికీ కోళ్లు పంచడం మామూలే. కాకపోతే మామూలు మేయర్లు ఎర్రవో గోధుమరంగువో దొరికినవి పంచేసి చేతులు దులుపుకుంటారు. వాన్ హావర్ గారు దూరదృష్టి గల మనిషి. ఆయన పార్టీ జెండా నీలం. వచ్చే అక్టోబరులో ఎన్నికలు. ఓటరు పొద్దున్నే కిటికీ తెరవగానే ఏం కనబడాలో ఆయనకి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు.

మెట్ల మీద ఆయన పక్కనే ఫిర్మిన్ డెస్మెట్ నిలబడి ఉన్నాడు. ఊరి కోళ్ల పెంపకందార్ల సంఘానికి అధ్యక్షుడు. పంచాల్సిన కోళ్లు ఇచ్చేది అతనే. ఇందులో చిక్కేమిటో అతనికి తెలుసు. నీలి పుంజుని నీలి పెట్టకి జతకడితే పిల్లలన్నీ నీలంగా పుట్టవు. సగమే నీలం. మిగతా సగంలో కొన్ని నల్లవి, కొన్ని తెల్లటి ఒంటి మీద సిరా చిలకరించినట్టుండేవి. పిల్లలన్నీ నీలం కావాలంటే నల్ల పుంజుకి ఆ మరకల పెట్టని కట్టాలి. సంఘంలో ప్రతివాడికీ తెలిసిన సంగతే ఇది. ఫిర్మిన్ పెరట్లో బారన్ అనే నల్ల పుంజు ఉంది. రెక్క విప్పితే సూర్యుడు అందులో మొహం చూసుకోవచ్చు. ఊరికి నీలం పంచుతున్నది నిజానికి ఆ నల్లోడే.

ఈ ముక్క చెప్పేద్దామని ఫిర్మిన్ నోరు తెరిచాడు. "అయ్యా, ఒక చిన్న మాట..."

"చెప్పు ఫిర్మిన్! అన్నట్టు, మీ సంఘానికి యాభయ్యేళ్లు నిండుతున్నాయట కదా. రాజుగారి దగ్గర్నించి 'రాయల్' బిరుదు రావాలంటే నా సిఫారసు కావాలి కదూ?"

ఆ సంఘం పెట్టింది ఫిర్మిన్ తండ్రి. రాయల్ అన్న మాట పట్టేంత ఖాళీ సంఘం పేరు రాసిన బోర్డు మీద ముందే వదిలిపెట్టి, దాన్ని చూసుకుంటూనే పోయాడాయన. ఆ ఖాళీ నింపడమే ఫిర్మిన్‌కి ఈ జన్మలో మిగిలిన కోరిక.

"అబ్బే, ఏం లేదయ్యా," అన్నాడు. "అద్భుతమైన పథకం."

వసంతం వచ్చింది. గుడ్లు పగిలి పిల్లలొచ్చాయి. మేయరు గారు ఫిర్మిన్‌ని పిలిపించారు. బల్ల మీద అట్టపెట్టెలో కోడిపిల్లలు కిచకిచలాడుతున్నాయి. వాటిలో సగం జెండాకి విధేయంగా ఉన్నాయి.

"ఈ నల్లవేమిటి? ఈ మరకలేమిటి?"

ఫిర్మిన్‌కి బోర్డు మీది ఖాళీ కళ్లముందు మెదిలింది. "వాతావరణమండీ," అన్నాడు.

"వాతావరణమా! నాకు తెలియదనుకున్నావా? ఇది ఆ నల్లజెండా పార్టీ వాళ్ల పని. తెల్లజెండా వాళ్లకీ చెయ్యుంది. వాళ్ల పుంజులు గోడ దూకుతున్నాయి!"

"దూకుతాయండీ. అవి పుంజులు కదా."

"సెప్టెంబరు తిరునాళ్లలోగా నీలం కాని ప్రతి కోడినీ ఫైర్‌స్టేషన్‌లో అప్పగించాలి. వాటితో పార్టీ విందుకి పులుసు పెట్టిద్దాం. ముందు నీ ఇల్లే శుద్ధి కావాలి ఫిర్మిన్. అధ్యక్షుడివి! తిరునాళ్లలో నీ పుంజునే ఎత్తి చూపిస్తాను. ఆ రోజే సిఫారసు మీద సంతకం పెడతాను."

క్రమశిక్షణ అంటే ఇదీ. మనసున్నవాడికే ఇంత ఓపిక ఉంటుంది.

ఫిర్మిన్ ఇంటికొచ్చి బారన్‌ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏడ్చాడు. సిగ్గుపడలేదు, వెక్కి వెక్కి ఏడ్చాడు. అతని భార్య అల్ఫోన్సిన్ బంగాళాదుంపలు వేయిస్తున్నదల్లా వెనక్కి తిరిగింది.

"ఏమయ్యా, మీ నాన్న బోర్డు కోసం వీణ్ణి పులుసులో వేస్తావా?"

"వెయ్యలేనే. బోర్డూ వదులుకోలేనే!"

"అయితే ఆ ఏడుపాపి లే. నల్లకి పిండి రాస్తే ఏ రంగొస్తుంది?"

ఫిర్మిన్ ముక్కు చీదుకుని ఆలోచించాడు. పలక రంగొస్తుంది. కోళ్లవాళ్లు నీలం అనేది అచ్చంగా దాన్నే.

"ప్రతి ఈకకీ అంచున నల్లగీత ఉండాలే. లేకపోతే జాతి లెక్కలోకి రాదు."

"అంచు నేను తడిగుడ్డతో తుడుస్తాలే. మరకల పెట్టల్ని బట్టల నీలిమందులో ముంచుదాం. నువ్వెళ్లి సరుకు పట్రా, పో."

ఫిర్మిన్ ఇర్మా కొట్టుకి పరిగెత్తాడు. ఇర్మా కౌంటరు మీద మోచేతులు ఆనించి నవ్వింది.

"పిండా? పొద్దున్నే అయిపోయింది బాబూ. నీలిమందు నిన్ననే అయిపోయింది. ఊరు ఊరంతా రొట్టెలు చేసుకుని, తెల్లబట్టలు ఉతుక్కుంటోందనుకుంటా."

"నీ దగ్గరేం మిగల్లేదా?"

"నా కోళ్లకి దాచుకున్నది ఉంది. సగం పంచుకుందాం రా."

తిరునాళ్ల నాటికి జ్వానెగెమ్ చరిత్ర సృష్టించింది. ఫైర్‌స్టేషన్‌కి అప్పగింతకి వచ్చిన కోళ్లు సున్నా. మార్కెట్ స్క్వేర్ నిండా బోనులు, ప్రతి బోనులోనూ నీలం. వాటిలో కొన్ని తుమ్ముతున్నాయి. మేయరు గారికి ఆనందబాష్పాలు వచ్చాయి.

"సంకల్పం ఉంటే ప్రకృతి కూడా పార్టీలో చేరుతుంది!" అని, తన ముదురు నీలం కోటు మీదికి ఎత్తుకుని బారన్‌ని గుండెకి హత్తుకుని ఫొటోకి నిలబడ్డారు. "ఇదిగో, స్వచ్ఛ నీలం! కడిగినా పోని నీలం!"

అప్పుడే వాన మొదలైంది. మా దగ్గర వాన రాకపోతే వింత గానీ వస్తే వింతేముంది? అయినా ఆ సందడిలో ఒక్కడికీ గొడుగు గుర్తుకు రాలేదు. బారన్ ఒళ్లు విదిలించాడు. పిండంతా ముద్దలు కట్టి కోటు మీదికి చేరింది. మేయరు గారి చేతుల్లో కాటుకంత నల్లటి పుంజు, మేయరు గారి ఒళ్లంతా తెల్లటి మరకలు. స్క్వేర్‌లో బోనుల కిందనించి నీలిరంగు నీళ్లు చక్కగా కాలవ కట్టి డ్రైనేజీలోకి పోతున్నాయి. సగం బోనుల్లో మాత్రం నలుపూ మరకలే మిగిలాయి.

ఎవరిని చూసి ఎవరు నవ్వగలరు? చివరికి బారన్ మేయరు గారి చెవి దగ్గరే గొంతెత్తి కొక్కొరొక్కో అన్నాడు.

నాయకుడన్నవాడు ఇలాంటప్పుడే తెలుస్తాడు. వాన్ హావర్ గారు కనురెప్ప కూడా కదపలేదు. "చూశారా," అన్నారు, "వాతావరణం."

ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాలేదు. మేయరు గారు నల్లజెండాతో, తెల్లజెండాతో కలిసి కూటమి కట్టి మళ్లీ మేయరయ్యారు. మొన్నటిదాకా గోడ దూకినవాళ్లు ఇప్పుడు గేటులోంచే వచ్చారు. వాళ్లు పెట్టిన షరతు ఒక్కటే: ఊళ్లో నీలం కనబడకూడదు. మేయరు గారు మళ్లీ అవే మెట్లు ఎక్కారు.

"ఇకపై ప్రతి పెరట్లోనూ ఒక నల్ల పుంజు, ఒక మరకల తెల్లపెట్ట! కూటమి జంట! నీలి కోడి కనబడితే పులుసే!"

ఇర్మా కొట్లో ఆ సాయంత్రానికే బూటు పాలిష్ అయిపోయింది.

పక్కనే ఉన్న ఫిర్మిన్ ఈసారి కూడా నోరు తెరిచాడు. మేయరు గారు ఓరగా చూశారు. "సిఫారసు నా సొరుగులోనే ఉంది ఫిర్మిన్."

"అద్భుతమైన పథకం అయ్యా!" అని ఫిర్మిన్ నవ్వాపుకోవడానికి టోపీతో మొహం కప్పుకున్నాడు. బారన్‌కి ఇక ప్రాణభయం లేదు. పైగా సర్కారు ఉద్యోగం.

ఏప్రిల్‌లో గుడ్లు పగిలి పిల్లలొచ్చాయి. ఏ పెరట్లో చూసినా, ఏ బుట్ట ఎత్తినా నీలం. ఒక్క నల్లది లేదు, ఒక్క మరక లేదు.

నల్లజెండా నాయకురాలూ తెల్లజెండా నాయకుడూ చెరో పెట్టె పట్టుకుని మేయరు గారి గదిలోకి దూసుకొచ్చారు. "మోసం! దగా! ఇదెలా జరిగింది?"

మేయరు గారు పెట్టెల్లోకి తొంగి చూశారు. తర్వాత ఫిర్మిన్ వైపు చూశారు. ఫిర్మిన్ కిటికీలోంచి ఆకాశం వైపు చూశాడు.

"వాతావరణమండీ," అన్నాడు.

మేయరు గారు సొరుగు తెరిచి, పెన్ను అడిగి తీసుకుని, సిఫారసు మీద నిండుగా సంతకం పెట్టారు.

వేసవిలో బిరుదు వచ్చింది. బోర్డు రాసే మనిషి నిచ్చెన వేసుకుని, తండ్రి వదిలిన ఖాళీ దగ్గర చెయ్యి పెట్టి, కింద ఉన్న ఫిర్మిన్‌ని అడిగాడు.

"ఏ రంగు వెయ్యమంటావు?"

ఫిర్మిన్ చంకలో ఉన్న బారన్‌ని నిమురుతూ మబ్బు పట్టిన ఆకాశాన్ని చూశాడు.

"ఏ రంగైనా సరే గానీ, వానకి కారనిది ఉంటే వెయ్యి."