మొలతాడు సరిహద్దు

దేవుడు మనిషి శరీరాన్ని తల నుంచి అరికాలి దాకా ఒకే ముక్కగా తయారు చేశాడు. ఈ పొరపాటు యుగాల తరబడి ఎవరి కంటా పడలేదు. రాష్ట్రాలకు కొత్త సరిహద్దులు గీసిన మరుసటి ఏడాది, మా తాలూకా పెద్ద దవాఖానవారు దాన్ని గుర్తించి సరిదిద్దారు. (ఏ తాలూకా అని అడగవద్దు. జ్వరమొస్తే నేనింకా ఆ దవాఖానకే పోవాలి.)

సరిదిద్దిన పద్ధతి సులువైనది. మొలతాడుకు పైన ఉన్నదంతా ఎగువ విభాగం. మొలతాడుకు కింద ఉన్నదంతా దిగువ విభాగం. వసారాకు ఆ చివర ఒక గది, ఈ చివర ఒక గది, గదికొక డాక్టరు. దిగువ డాక్టరు వీపు ముట్టుకోరాదు, ఎగువ డాక్టరు కాలు వంక చూడరాదు. మొలతాడు లేకుండా వచ్చేవాళ్ల కోసం ఇస్రాయేలు అనే బంట్రోతు నల్లదారం ఉండ పట్టుకొని వసారా మధ్యలో కూర్చునేవాడు. దారం కట్టాకే ఎవరినైనా రోగిగా గుర్తించేవారు.

ఇంత సాఫీగా నడుస్తున్న ఏర్పాటును మా పక్కింటి వెంకటరాజం మామ వెళ్లి చిక్కుల్లో పెట్టాడు.

మామది గుంత మగ్గం. అంటే ఇంట్లో నేల తవ్వి, ఆ గుంతలోకి కాళ్లు దించి, అంచు మీద కూర్చుని, అడుగున చెక్కలు తొక్కుతూ, ముందుకు వంగి, అడ్డపోగు నడిపే నాడె విసరాలి. చిన్నతనంలో కూర్చున్నవాడు అరవై దాటినా లేవలేదు. ఒళ్లు మగ్గానికి తగ్గట్టు అమరిపోయింది. మోకాళ్లు పూర్తిగా చాపుకోవు, నడుము పూర్తిగా లేవదు. వీధిలో నడుస్తుంటే, కింద పడిపోయిన వస్తువేదో వెతుకుతున్నాడేమో అనిపిస్తుంది.

ఆ నడకే ఆయన కొంప ముంచింది. నేతగాళ్ల సొసైటీకి కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరుగారు, మామ కర్ర ఊతంతో వీధి దాటడం చూసి, ఈ మనిషి నేస్తాడంటే నమ్మేదెట్లా అన్నారు. ఇంట్లోకి వచ్చి మగ్గం మీద చూస్తే నిమిషంలో తేలిపోయేది. కానీ మామ ఇంటి గుమ్మం పొట్టిది, లోపలికి రావాలంటే వంగాలి. వంగడం ఇన్‌స్పెక్టరుగారి ఉద్యోగ నిబంధనల్లో లేదు. కాబట్టి మామకు సొసైటీ ఇచ్చే నూలు ఆపేశారు. పనికి తగినవాడేనని దవాఖాన నుంచి చీటీ తేవాలి, దీపావళి లోపు తేకపోతే ఆయన నూలు వంతు ఇంకొకరికి పోతుంది. మామకూ ఆండాళు అత్తకూ ఆ మగ్గం తప్ప వేరే ఆధారం లేదు.

నేను బడిపంతులును, కాగితాలు చదవగలను గనుక అత్త నన్ను తోడు పంపింది.

"పంతులూ, జర ఆయన ఎంబడి పో. ఏమడిగినా మంచిగనే ఉన్ననంటడు. గట్ల చెప్తె ఎవలు చూస్తరు?" అన్నది.

ఇస్రాయేలు మామకు దారం కట్టాడు. కట్టి లేచి చూస్తే పేచీ వచ్చింది. మామ వంగి నిలబడ్డాడు గనుక ఆయన గడ్డం దారానికి దిగువన ఉంది. నిబంధన ప్రకారం ఆ గడ్డం దిగువ విభాగానికి చెందుతుంది. ఇస్రాయేలు చాలాసేపు ఆలోచించాడు.

"తాతా, నొప్పి పైన మొదలైందా, కింద మొదలైందా?"

"యాడ మొదలైందో నాకేమెరుక బిడ్డా. పైకి పోతది, కిందికొస్తది. తిరుగుతాంది."

"తిరిగే నొప్పికి ఈడ గది లేదు తాతా. దాన్ని యాడనో ఒక కాడ నిలవెట్టు."

నిలబెట్టడం వీలుకాక, మొదట దిగువకే పోయాం. దిగువ డాక్టరు మంచివాడు. మోకాళ్లు రెండూ ఒత్తి, వంచి, చెవి ఆనించి చప్పుడు కూడా విన్నాడు. "తప్పు మోకాళ్లది కాదు. నడుము వంగిపోవడంతో ఒంటి బరువంతా ముందుకు పడుతోంది. పడిపోకుండా ఉండాలని మోకాళ్లు ఎప్పుడూ మడిచి ఉంచుతున్నాడు. ముందు నడుము చూపించండి" అన్నాడు. ఆ మాట అక్షరాలా నిజం.

వసారా ఆ చివరికి నడిచాం. ఎగువ డాక్టరు ఇంకా మంచివాడు, మామకు స్టూలు వేయించాడు. వెన్నుపూసలన్నీ వేళ్లతో తడిమి, "వెన్నుదేం తప్పు లేదు. మోకాళ్లు చాపలేకపోవడం వల్ల నడుము వంచి నిలదొక్కుకుంటున్నాడు. ముందు మోకాళ్లు చూపించండి" అన్నాడు. ఇదీ అక్షరాలా నిజమే.

ఈ రెండు నిజాల మధ్య మామ కర్ర టకటకలాడించుకుంటూ పొద్దుటి నుంచి తిరిగాడు. తిరిగినకొద్దీ మోకాళ్లు వాచాయి, వాచినకొద్దీ నడుము వంగింది. రెండు విభాగాలూ తమ తమ నిర్ధారణ బలపడుతున్నందుకు తృప్తిపడ్డాయి.

"ఇద్దరూ ఒక్కసారి మధ్యకు వచ్చి కలిసి చూస్తే కాదా?" అని అడిగాను.

ఎగువ డాక్టరు నన్ను జాలిగా చూశాడు. "మధ్యలో తుంటి ఉంది మాస్టారూ. అది ఎవరి కిందికి వస్తుందో ఇంకా పైనుంచి ఉత్తర్వు రాలేదు."

పెద్ద డాక్టరుగారు మాత్రం ఈ విషయంలో చేతులు ముడుచుకు కూర్చోలేదు. తుంటి కోసం ప్రత్యేకంగా మూడో గది కట్టించాలని తీర్మానించి, వసారా ముందు పునాది కూడా తవ్వించారు. గది పూర్తయ్యేదాకా తుంటికి పైనా కిందా నొప్పి ఉన్నవాళ్లు ఓపిక పట్టాలి. ఈలోగా చీటీ కావలసినవాళ్లకు గోడ పరీక్ష ఉంది. మడమలు, వీపు, తల మూడూ ఒకేసారి గోడకు తగలాలి. మామ మడమలు తగిలిస్తే తల రాలేదు. తల తగిలించబోతే మడమలు జారి, ఇస్రాయేలు పట్టుకోకపోతే కింద పడేవాడే.

అప్పుడు మామకు ఆ పునాది గుంత కనిపించింది. ఎవరినీ అడగకుండా దాని దగ్గరకు పోయి, కాళ్లు లోపలికి దించి, అంచు మీద కూర్చుని ముందుకు వంగాడు. పొద్దుటి నుంచి ముడుచుకున్న ముఖం విప్పారింది. చేతులు వాటంతటవే కుడికీ ఎడమకీ ఆడసాగాయి.

"ఇగ పాణం నిమ్మళమైంది పంతులూ" అన్నాడు. "గిట్ల కూసుంటె నాకు ఏ నొప్పీ లేదు. గిది ఎవ్వలడగరు, నిలవడు నిలవడు అంటరు."

నేను పరుగెత్తి డాక్టర్లిద్దరినీ పిలిచాను. ఒకరు గుంతకు ఈ పక్క, ఒకరు ఆ పక్క నిలబడి చూశారు. మోకాళ్లకు నొప్పి లేదని దిగువ డాక్టరు ఒప్పుకున్నాడు. నడుముకు నొప్పి లేదని ఎగువ డాక్టరు ఒప్పుకున్నాడు. తమ చికిత్స ఫలించిందని ఇద్దరూ సంతోషించి, దవాఖాన చరిత్రలో మొదటిసారి ఒకే చీటీ మీద సంతకాలు చేశారు. నాకూ సంతోషమైంది. బస్సులో కూర్చున్నాక గానీ చీటీ చదవలేదు.

ఇంగ్లీషులో ఉన్న దాన్ని తెలుగు చేస్తే ఇదీ: "ఈ వ్యక్తి గుంతలో ఉన్నంతసేపు సంపూర్ణ ఆరోగ్యవంతుడు. అయితే ఇతని మోకాళ్లూ వెన్నూ చెడడానికి కారణం గుంతే గనుక, ఇకముందు గుంతలో కూర్చోరాదు. తక్కిన అన్ని పనులకూ తగినవాడు." (ఇందులో తప్పు మాట ఒక్కటి చూపించండి. నేను ఊరు చేరేదాకా వెతికాను.)

సొసైటీ సెక్రెటరీ సీతారాములు చీటీని నాతో చదివించుకొని విన్నాడు.

"గుంతల కూసోవద్దని దవాఖానోళ్లే రాసిచ్చిన్రు. ఇంక నేను నూలిస్తే పాపం నాకు తలుగుతది. పాణం కంటె నేత ఎక్కువనా, పెద్దమనిషీ?"

నాకు ఒళ్లు మండింది. "ఆ నడుము వంగిందే మీ సొసైటీ చీరెలు నేసి" అన్నాను.

"గందుకే గద పంతులూ, ఇగ ఇంటి కాడ ఉండమంటున్నం" అన్నాడు, నిజంగానే ప్రేమగా.

ఇంటి దగ్గర ఆండాళు అత్త గుమ్మంలోనే నిలబడి ఉంది. "చీటీ ఇచ్చిన్రా?" అని అడిగింది.

"ఇచ్చిన్రు. నేను మంచిగున్ననంట" అన్నాడు మామ. లోపలికి పోయి నెమ్మదిగా గుంతలోకి కాళ్లు దించాడు. మగ్గం మీద పోగు లేదు.

"నూలు లేంది ఎందుకు దిగినవయ్యా?"

"నిలవడితే నొస్తాంది ఆండాళూ."

అత్త వచ్చి ఆయన పక్కన నేల మీద కూర్చుంది. నాకు ఏడుపొచ్చి బయటికి వచ్చేశాను.

దీపావళి అయిపోయింది. దవాఖానలో పునాది గుంత పూడ్చి తుంటి గది కట్టారు, బాగుంది. మామ నూలు వంతు సెక్రెటరీగారి బావమరిదికి దక్కింది. అందులో పక్షపాతం ఏమీ లేదు, ఆయన కూడా అందరిలాగే గోడ పరీక్షకు నిలబడ్డాడు. మడమలు, వీపు, తల మూడూ ఒకేసారి తగిలాయి. ఇంత చక్కటి వెన్ను తాము ఎన్నడూ చూడలేదని డాక్టర్లు ఆశ్చర్యపోయారట. ఆశ్చర్యం ఎందుకు, ఆయన ఇంట్లో మగ్గం లేదు.