పరారీలో ఉన్న సర్వరు

“నేరస్థులు రెండే రకాలు. నాకు దొరికినవాళ్లు, నేను నిద్రలేవకముందే పారిపోయినవాళ్లు!” అని ప్రకటిస్తూ డేగకన్ను గాజు తలుపును నెట్టాడు. అది లాగాల్సిన తలుపు. నుదురు టంగుమంది.

ఆపరేటరమ్మ నిట్టూర్చింది. ‘డేగకన్ను’ అనే బిరుదు యజమానురాలి తమ్ముడు తనకు తానే ఇచ్చుకున్నాడు. ఆమె ఉద్యోగం ఇప్పుడు ఈ మహానుభావుడి చేతిలో పడింది.

ఆ పరుపుల వ్యాపారానికి మూడు కొట్లు, వెనకో గోడౌను. ఎవరు ఫోన్ చేసినా ముందు ఆమె బల్ల మీదే మోగాలి. మూడు రోజులుగా మోగలేదు. “ఎత్తకుండా కూర్చుంటున్నావు. సాయంత్రంలోగా తేలకపోతే నీ దారి నువ్వు చూసుకో,” అనేసింది యజమానురాలు.

“ఫోన్ల కంపెనీవాణ్ణి కలుపు!” గర్జించాడు డేగకన్ను. ఆమె తన సెల్‌లో కలిపింది.

“మీ సర్వరు ఎక్కడ?”

“చాలా దూరంలో ఉందండీ. మీ కొట్లన్నిటికీ అక్కణ్ణించే కాల్స్ పంచుతుంది.”

“చూశావా! నేరం చేసి పారిపోయింది!”

“మొదట్నించీ అక్కడే ఉందండీ. మీ ఆపరేటర్ ఫోను మోగుతూనే ఉందని చూపిస్తోంది.”

“అబద్ధం! నా కళ్లెదుటే నోరుమూసుకుని ఉంది!” డేగకన్ను బల్ల మీది ఫోన్ను వాసన చూశాడు. “విషప్రయోగం.”

“ఫోనుకా సార్?” అంది ఆపరేటరమ్మ.

“మాట పడిపోయిందిగా!”

బల్ల కింద దూరి ఒక వైరు పట్టుకుని పాక్కుంటూ గోడౌను దాకా వెళ్లాడు. అది ఫ్యాను వైరని తెలిసేసరికి ఫ్యాను ఆగిపోయింది, ఆపరేటరమ్మ ఆశ కూడా.

గోడౌను తాత పరుపుల మధ్య పురుగుల మందు కొడుతున్నాడు. “మూడ్రోజుల్నించి కీచురాయి బాబూ. కూస్తుంది, దొరకదు.”

“కీచురాయి కాదు, గూఢచారి!” అంటూ డేగకన్ను పరుపుల గుట్టెక్కాడు. కాలు జారింది. రెండు వరసల మధ్య నిలువునా దిగబడ్డాడు.

“హలో! అమ్మయ్య, ఎత్తారా?” అంది కింద నుంచి ఓ ఆడగొంతు.

“దయ్యం! అక్కా!”

“దయ్యమేంటయ్యా? మా లాడ్జికి నలభై పరుపులు కావాలి. మూడ్రోజులుగా చేస్తుంటే ఎత్తరేం?”

వెనకే వచ్చిన ఆపరేటరమ్మ గుట్టెక్కి, బోర్లా పడి సందులోకి చూసింది. అతని మోచేయి ఓ ఫోను స్పీకరు బటన్ మీదుంది. ఫోను మీద ‘ఆపరేటర్’ అని వెలుగుతోంది.

“మూడ్రోజుల కింద గోడలకి రంగులేసేటప్పుడు ఫోన్లన్నీ బుట్టలో వేశాగా,” తాత తల గోక్కున్నాడు. “అన్నీ ఒకేలా ఉంటే ఏది దొరికితే అది తగిలించా.”

“నంబరు గోడలో కాదు తాతా, ఫోన్లోనే ఉంటుంది! ఇది ఎక్కడుంటే సర్వరు కాల్ అక్కడికే పంపుతుంది!” అని, రవాణా చీటీ వెనక ఆర్డరు రాసుకోసాగింది.

అరుపు విని యజమానురాలు పరిగెత్తుకొచ్చింది.

“అక్కా, నాకు ముందే తెలుసు. అందుకే దూకాను,” అంది సందులోంచి డేగకన్ను గొంతు.

“నువ్వు నోర్ముయ్‌రా, అమ్మాయి రాసుకుంటోంది!”

కాల్ ముగిసింది. ఆపరేటరమ్మ జుట్టులో దూదితో లేచి కూర్చుంది. “మేడమ్, మరి నా సంగతి?”

యజమానురాలు చీటీ వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూసింది.

“చెప్పు. ఫోన్ను నీ బల్ల దగ్గరికి పంపనా, బల్లనే ఇక్కడికి తెప్పించనా?”